మిరప ఆగిన చోటు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీని కుక్కలకు ఇచ్చేశారంటే మొదట ఎవరూ నమ్మలేదు. అవి మామూలు కుక్కలు కావనీ, ధ్రువప్రాంతంలో మంచుబండి లాగే కుక్కలనీ తెలిశాక యార్డులో నవ్వని మనిషి లేడు. "ఊళ్ళో వీధికొక గుంపు ఉంటే చాలక, భూమి ఆ చివర్నించి కూడా తెప్పిస్తన్నారా?" అన్నారు హమాలీలు. డాక్టర్ ఎస్తేరు ఆ మాటలు చెవిన వేసుకోలేదు. ఆమె పశువైద్యురాలు, కుక్కల మెదడు మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్న మనిషి. నవ్వే నోళ్ళు నాలుగు రోజులకు అలిసిపోతాయని ఆమెకు తెలుసు.

సంగతేమిటంటే, తూర్పు గ్రీన్‌లాండ్ తీరంలో అన్నూక్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి కుక్కలు వేల ఏళ్ళుగా మరో జాతి నెత్తురు కలవకుండా వచ్చినవి. ఒక చలికాలంలో అంటురోగం తగిలి ఒక్కటి కూడా మిగలకుండా పోయాయి. మిగిలిందల్లా ముందుచూపుతో గడ్డకట్టించి దాచిన పిండాలు. వాటిని ఎస్తేరు గుంటూరు వీధికుక్కల కడుపుల్లో పెట్టి పిల్లల్ని పుట్టించింది. తమకు పుట్టిన బొచ్చుముద్దల్ని చూసి ఆ తల్లులు కంగారుపడ్డాయి గానీ పాలివ్వడంలో లోటు చేయలేదు. అన్నిటికన్నా ముందు పుట్టిన ఆడపిల్ల కళ్ళు తెరవకముందే తుమ్మింది. గోడల్లో ఇంకిపోయిన ఘాటు అలాంటిది మరి. పనివాళ్ళు దానికి మిరప అని పేరు పెట్టారు. ఆ వరసలోనే తక్కినవి తేజ, బస్తా, కాటా, హమాలీ అంటూ డజను దాకా అయి కూర్చున్నాయి.

పుట్టించడం ఒక ఎత్తు, బండి లాగించడం ఒక ఎత్తు. ఈ జాతి పిల్లలు పెద్దకుక్కల పక్కన పరిగెత్తి పని నేర్చుకుంటాయి. ఇక్కడ పెద్దకుక్కలన్నవే లేవు. మెడకు పట్టీ వేసి పగ్గం కడితే పిల్లలు ఆ పగ్గాన్ని హాయిగా నములుతూ కూర్చున్నాయి. కొమ్ములు తిరిగిన వంశం నుంచి వచ్చినవి కాస్తా మిరపకాయల బస్తాలెక్కి నిద్రపోతుంటే ఎస్తేరుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అందుకే ఆమె పాకం పెట్టెను బయటికి తీసింది. దానికి కాగితాల మీద పెద్ద పేరే ఉంది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు. మనిషైనా కుక్కైనా ఒక పాత సంగతిని గట్టిగా తలుచుకున్నప్పుడు ఆ జ్ఞాపకం మెదడులో కాసేపు మెత్తబడుతుంది. మళ్ళీ గట్టిపడేలోపు దాన్ని తీసి, నిద్రపోతున్న కుక్కపిల్ల మెదడులోకి ఎక్కించవచ్చు, బెల్లం పాకం ఒక గిన్నెలోంచి ఇంకో అచ్చులోకి పోసినట్టు. బొమ్మలూ మాటలూ అవతలికి చేరవు. కాలి కింద నేల పట్టు, గాలి వాసన, పగ్గం బిగువు, భయం, ధీమా, పక్కనున్న ఒంటి వెచ్చదనం, ఇలాంటివి చేరతాయి. చిక్కల్లా ఒకటే. పోసిన పాకం మొదటి గిన్నెలో మిగలదు, బొమ్మలూ మాటలూ కూడా.

ఆ పెట్టెను ఆమె పోలీసు కుక్కల కోసం చేసింది. పనిలోంచి విరమించే ముసలి కుక్క తన విద్యను పిల్లకుక్కకు ఇచ్చేసి, ఏమీ గుర్తులేకుండా ఎవరి మంచం కిందో హాయిగా పడుకునేది. దానివల్ల ఎవరికీ నష్టం కనిపించలేదు. ఇప్పుడు ఇచ్చేందుకు కుక్క లేదు. ఉన్నది ఒక మనిషి.

ఆయన పేరు ఎనోక్. అన్నూక్‌లో కుక్కలబండి తోలిన వాళ్ళలో చివరివాడు. ఆయన తర్వాతి వాళ్ళందరూ మోటారుబళ్ళకు మళ్ళిపోయారు. గుంటూరు వచ్చాక, మిగతా అందరూ స్వెట్టర్లు, కోతిటోపీలు వేసుకుని వణికే ఆ కోల్డ్ స్టోరేజీ గదిలో ఆయన ఒట్టి బనీనుతో కూర్చుని, బయటికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎండను చూసి దణ్ణం పెట్టేవాడు. తలకు తీగల టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పక్క బల్ల మీద తేజ మత్తులో ఉండేది. ఆయన చేతులు గాలిలో పగ్గాలు సర్దేవి, ఒళ్ళు మలుపులకు వాలేది. కాసేపటికి పెట్టె గుయ్యిమని ఆగేది.

"ఇప్పుడే నీలికొండ దాకా వెళ్ళిన ప్రయాణం తలుచుకున్నారు. గుర్తుందా?" అని ఎస్తేరు అడిగింది, అడగాలి కాబట్టి.

"ఏ నీలికొండ?" అన్నాడు ఎనోక్.

ఆ సాయంత్రం తేజ లేచి, ఎవరూ చెప్పకుండానే, పగ్గం బిగించి మిరపకాయల బస్తాను గది ఈ మూల నుంచి ఆ మూలకు లాక్కుపోయింది. హమాలీలు ఈలలు వేశారు. ఎస్తేరు ఆ రాత్రి ఇంటికెళ్ళి అమ్మను పట్టుకుని చిన్నపిల్లలా గెంతింది.

ఏవి తలుచుకోవాలో ఆయనకు చెప్పింది ఎస్తేరే. "సాఫీగా వెళ్ళి సాఫీగా వచ్చినవి చెప్పండి. మధ్యలో కుక్కలు మొరాయించినవి వద్దు" అంది. పోలీసు కుక్కల దగ్గర ఆమె నేర్చుకున్న లెక్క అది. వాసన పట్టుకుంటూ పోయే కుక్క దారిలో నిలబడిందంటే ఆ పని చెడిపోయినట్టే, దాన్ని పక్కన పారేయాలి. ఎనోక్ ఏదో అనబోయి ఆగి, "మంచిది" అన్నాడు. ఆయన ముఖంలో కనిపించింది సంతోషమేనని ఎస్తేరుకు చాలాకాలం తర్వాత గాని తట్టలేదు.

*

ఎస్తేరు తల్లి సలోమి ఆయనను హనోకు గారూ అని పిలిచేది. ఆమె బైబిల్లో ఆ పేరు అలాగే ఉంది, ఇక వేరే ఎలా పిలుస్తుంది? ఆయన కూడా లూథరన్ సంఘం మనిషేనని తెలిశాక ఆవిడ చుట్టరికం కలిపేసుకుంది. ఆదివారం గుడిలో ఆయన తన భాషలో పాడితే వీళ్ళు తెలుగులో పాడారు, రాగం మాత్రం ఒకటే. ఎస్తేరుకు ఆదివారం దేవుడి మీద, మిగతా రోజులు అంకెల మీద నమ్మకం. ఆ రెండింటికీ ఎప్పుడూ తగువు రాలేదు.

మాట్లాడుకోవడానికి ఇద్దరి చెవుల్లోనూ తర్జుమా పూసలు ఉండేవి. ఆ పూస ఎందుకో పాతకాలపు రేడియో వార్తల్లా మాట్లాడేది. సలోమి ఎండుచేపల పులుసు పెట్టిన రోజున ఎనోక్ గబగబా తిని ఏదో గొణిగాడు. "మిక్కిలి రుచికరముగా ఉన్నది. నా భార్య జీవించియున్న కాలము జ్ఞప్తికి వచ్చుచున్నది" అంది పూస. సలోమి మురిసిపోయి ఇంకో గరిటె వేసింది.

"పిల్లలెంతమందండీ?" అని అడిగింది.

"ఒక్కడు. పావియా. పెద్దవాడైన పిమ్మట పడవ మునిగి సముద్రములో పోయినాడు. ఐదేండ్ల ప్రాయము నుండి వాడు నా బండిమీదనే ఉండెడివాడు. ఆపై వాడు లేక నేను ఏ ప్రయాణమును చేయలేదు. వానితో గడిపిన కాలమంతయు బండిమీదనే గడిచినది."

సలోమి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. చదువు పెద్దగా లేకపోయినా విన్నది బుర్రకెక్కించుకునే మనిషి.

"అయితే నువ్వు ఆ పెట్టెలోకి లాగే ప్రయాణాలన్నిట్లోనూ ఆ పిల్లోడున్నట్టేగా?" అంది కూతురితో. "ఒక్కోటీ పోతంటే పిల్లోడు కూడా పోతన్నట్టేగా?"

ఎస్తేరు పళ్ళెంలోకి చూస్తూ, "ఆయనకి తెలుసు మా. సంతకం పెట్టే ముందే చెప్పాను" అంది.

"సంతకం సంగతి నేనడిగానా?"

ఎనోక్‌కు పూస అంతా వినిపించింది. ఆయన వేళ్ళు కడుక్కుని, నెమ్మదిగా చెప్పాడు. కుక్కలు లేకపోతే తన ఊరు ఊరు కాదనీ, కొడుకు కూడా ఈ మాటే అనేవాడనీ, అయినా తాను అంత వెర్రివాడిని కాననీ అన్నాడు. "ఒకటి నా కొరకు ఉంచుకొంటిని. కుక్క ఆగిపోయిన ప్రయాణము. డాక్టరు గారు అటువంటివి వలదనిరి కదా."

ఆ మాట అంటూ నవ్వాడు. సలోమి కూడా నవ్వి, "అది మాత్రం ఎవరికీ ఇవ్వబాకండి" అంది. "ఎన్నటికిని ఇయ్యను" అంది పూస.

*

కుక్కలు ఏపుగా పెరిగాక విమానంలో అన్నూక్‌కు చేర్చారు. పెట్టె కూడా వెంట వెళ్ళింది. ఈపాటికి ఎస్తేరు ఎనోక్ భాష తడబడుతూ మాట్లాడగలిగేది, పూస అవసరం తీరిపోయింది. ఊరు ఊరంతా వచ్చి కుక్కల చెవులూ పాదాలూ తడిమి చూసుకున్నారు. ఒక ముసలాయన హమాలీ అనే కుక్క మెడ కౌగిలించుకుని ఏడ్చాడు. కానీ ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రం చలికాలంలో గడ్డకడుతుంది. ఆ మంచు దాటి అవతలి వేటగాళ్ళ గుడిసె దాకా వెళ్ళి తిరిగొచ్చిన కుక్కకే సంతానాన్ని కననిస్తారు. రంగు, ఎత్తు, వంశం ఎవరూ అడగరు. జాతి అంటే వాళ్ళ దృష్టిలో ఆ ప్రయాణమే. గుడిలో ప్రార్థన నడిపే కరోలీన్ అనే పెద్దావిడ ఈ విషయంలో తీర్పు చెప్పేది.

బయల్దేరిన ఉదయం కరోలీన్ ఒక్కొక్క కుక్క నుదుటిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మిరప దగ్గరికి వచ్చేసరికి అది ఆవిడ చేతిని నాకింది. ముందుకుక్కగా తేజను కట్టారు. విసనకర్ర పుల్లల్లా పగ్గాలు విచ్చుకుని, కుక్కలన్నీ ఒక్కసారిగా లంకించుకున్నాయి. బండి మీద ఎనోక్, ఆయన వెనక ఎస్తేరు. ఆయన నోటివెంట అదలింపు అక్కర్లేకుండానే తేజ మలుపులు పట్టుకుంటుంటే ముసలాయన కళ్ళు చెమ్మగిల్లాయి. తాను మరిచిపోయిన దారులన్నీ దానికి తెలుసు.

అది ఎక్కడా తగ్గలేదు, ఎక్కడా తటపటాయించలేదు. అవతలి ఒడ్డు కనిపిస్తుండగా పలచబడి నల్లగా మెరుస్తున్న మంచు మీదికి అదే వేగంతో దూసుకెళ్ళింది. ఎనోక్ అరిచాడు. తేజ ఆగలేదు. పింగాణీ పళ్ళెం విరిగినట్టు చప్పుడైంది. తేజ, బస్తా, కాటా నీళ్ళలోకి పోయాయి. ఎనోక్ కత్తితో పగ్గాలు కోసేసి బండి మునగకుండా కాపాడాడు. నీళ్ళల్లో చెయ్యి పెట్టి తేజ మెడపట్టీ కోసం వెతికితే చేతికి నీళ్ళే తగిలాయి. ఎస్తేరు బోర్లా పడుకుని ఆయన కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగింది. తేజ నీళ్ళలోకి పోతూ కూడా కాళ్ళు ఆడిస్తూనే ఉంది, ఇంకా పరిగెత్తుతున్నట్టే. ఆ దృశ్యం ఎస్తేరును ఎప్పటికీ వదల్లేదు.

మిగిలిన కుక్కలతో కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు. కరోలీన్ చెప్పాల్సింది దాచకుండా చెప్పింది.

"ఈ కుక్కలు లాగుతాయి. మోటారు కూడా లాగుతుంది. మావి ఆగేవి. ముందుకుక్క ఆగిందంటే దేవుడు ఆగమన్నాడనే మేం నమ్మాం. ఆగడం తెలియనిదాన్ని ఈ ఊళ్ళో ఈననివ్వం. మంచు కరిగేలోపు ఇంకోసారి వెళ్ళండి. ఈసారి కూడా ఇంతే అయితే వీటికి ఆపరేషన్ చేయించి పెంచుకుంటాం, అంతటితో సరి."

ఆ రాత్రి ఎస్తేరు పెట్టెతో ఎక్కించిన ప్రయాణాల చిట్టా తీసి మొదటి నుంచీ చదివింది. మొరాయించిన ప్రయాణాలు వద్దన్నది తనే. ఏరి ఏరి, ఎన్నడూ ఆగని పరుగుల్నే ఆ పిల్లల బుర్రల్లో నింపింది. ఆగడం అనేది ఒకటుందని వాటికి తెలియనే తెలియదు. తప్పు తనదేనని ఒప్పుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు, దిద్దుకోవడమే తెలియలేదు. జెండాలు పాతి వాటి దగ్గర ఆగడం నేర్పింది. చక్కగా జెండా దగ్గర ఆగాయి. జెండా లేని పలచటి మంచు మీదికి అంతే చక్కగా వెళ్ళాయి.

"కుక్క ఆగిన ప్రయాణాలు మీకు ఇంకేవీ లేవా?" అని ఎనోక్‌ను అడిగింది.

"చిన్నప్పుడు మా నాన్న కుక్కలు ఆగేవట, నేను బండి మీద నిద్రలో ఉండేవాణ్ణి. పగ్గం కూడా నా చేతిలో లేదు, దానివల్ల ఏం లాభం? నేను తోలినన్నాళ్ళూ నా ముందుకుక్కలు దారి ముందే పసిగట్టి పక్కకు తిప్పేవి. ఆగాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది, నాయా అనే ముందుకుక్కకు."

"అది నేను అడగను" అంది ఎస్తేరు.

అడగనని నోటితో అంది గానీ, ఆ సాయంత్రమే పెట్టె తీసి తుడిచి సిద్ధంగా పెట్టింది. ఎనోక్ అది చూశాడు.

*

"ఆయన ఇస్తానంటే తీసుకుంటావా?" అని ఫోనులో సలోమి అడిగింది.

"తీసుకోకపోతే జాతే ఉండదు మా. ఒక్క మిరపకి ఎక్కితే చాలు, దాని పక్కన పరిగెత్తి మిగతావన్నీ నేర్చుకుంటాయి. తర్వాత పుట్టేవి దాన్ని చూసి నేర్చుకుంటాయి. మళ్ళీ ఈ పెట్టెతో పనుండదు."

"తీసుకుంటే ఆయనకేం మిగులుద్ది?"

ఎస్తేరు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. సలోమే అందుకుని, "అట్టయితే ముందు నువ్వు కూర్చుని ఆ సంగతంతా విను. తొందర పెట్టబాక. ఎవురో ఒకళ్ళకన్నా తెలిసుండాలి గదా" అంది.

ఎనోక్ కొన్ని రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత తనే కబురు పంపాడు. పొయ్యి పక్కన ఎస్తేరును కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మొదలుపెట్టాడు.

"వాడికి పాలపళ్ళు ఊడే వయసు. మంచి ఎండ, అద్దంలాంటి మంచు. నాయా ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకని నేను అడగలేదు. మేం అడగం. ముందుకెళ్ళి మంచు పొడిచి చూడటం, చర్నాకోల ఎత్తడం, రెండూ కుక్కను అవమానించడమే. దిగి బండి వెనక కూర్చోవాలి. వచ్చిన పాట ఏదో పాడాలి. అది లేచేదాకా ఆగాలి. వాడికి అస్సలు ఓపిక లేదు. ఊగుతున్న పన్నును నాలుకతో తోస్తూ, నాయాకు బద్ధకం నాన్నా అని ఒకటే గొడవ. తర్వాత పన్ను ఊడింది. నెత్తురు చూసి ఏడుపు మొదలెట్టి, నేను నవ్వితే వాడూ నవ్వాడు. నాయా వచ్చి గాలికి అడ్డంగా పడుకుంది. వాడు నా ఎడమపక్కన చేరి, నా కోటులో చెయ్యి దూర్చి నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. వాడు లేచేసరికి ముందున్న మంచంతా విరిగిపోయి నీళ్ళు కనిపిస్తున్నాయి. అంతే. ఆ రోజు ఏమీ జరగలేదు."

కాఫీ చల్లారిపోయింది. ఎస్తేరు కళ్ళు తుడుచుకుంది.

"అది మీరే ఉంచుకోండి ఎనోక్ గారూ. మా అమ్మ కూడా ఇవ్వొద్దనే అంది."

"మీ అమ్మకు నేను గట్టిగానే మాటిచ్చాను. నువ్వు చెప్పు, నేను పోయాక ఇది ఎక్కడుంటుంది? నాతోనే మట్టిలోకి పోతుంది. మిరప దగ్గరైతే ఉంటుంది. దాని పిల్లల దగ్గర ఉంటుంది. వాడు వాటి వెంట ఎంతకాలమైనా తిరుగుతాడు. అది తెలుసుకోవడానికి నేనుండను, నిజమే." ఆయన కాఫీ గిన్నె పక్కకు జరిపాడు. "నాకు ఇవ్వాలని లేదమ్మా. లేదని నీకు చెప్తున్నాను. అయినా ఇస్తాను. ఆ టోపీ తీసుకురా."

ఎస్తేరు ఆ టోపీ తెచ్చి ఆయన తలకు పెట్టింది. మిరప నేలమీద మత్తులో ఉంది. ఎనోక్ కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపటికి ఆయన ఎడమచెయ్యి కోటు అంచును కాస్త ఎత్తి పట్టుకుంది, ఎవరికో చోటిచ్చినట్టు. పెట్టె ఆగినప్పుడు ఆ చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది.

ఆయన కళ్ళు తెరిచి, పొయ్యిలో పుల్ల ఎగదోశాడు. ఎస్తేరు ఏడవడం చూసి, ఒంట్లో బాగోలేదా అని ఆదరంగా అడిగాడు. గోడ మీద ఒక పిల్లవాడి ఫోటో ఉంది, పళ్ళు లేని నవ్వుతో. మర్నాడు కరోలీన్ వచ్చి ఆ పిల్లవాడెవరో ఆయనకు చెప్పింది. ఎప్పుడు పుట్టాడో, పడవ ఎక్కడ మునిగిందో అన్నీ చెప్పింది. పొరుగూరి కబురు విన్నట్టు ఎనోక్ శ్రద్ధగా విని, పాపం అన్నాడు.

*

మంచు కరిగేందుకు ఇక ఎన్నో రోజులు లేవనగా రెండో ప్రయాణం పెట్టుకున్నారు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. కరోలీన్ మళ్ళీ ప్రార్థన చేసింది, ఈసారి గొంతు కాస్త గట్టిగా. ముందుకుక్క మిరప. కుర్రతనంలో తోలిన అలవాటు ఎనోక్ చేతుల్లో మిగిలే ఉంది, పగ్గాలు బాగానే పట్టాడు. గుడిసె దాకా వెళ్ళడం ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. తిరుగుదారి సగం గడిచాక మిరప ఆగింది.

మెల్లగా ఆగడం కాదు. ముందరి కాళ్ళు తన్నిపెట్టి నిలబడిపోయింది. తక్కిన కుక్కలు దాని మీద పడి, చిక్కుపడి, అవీ ఆగాయి. ఎదురుగా మంచు తెల్లగా, చదునుగా, ఏ మచ్చా లేకుండా ఉంది. ఎస్తేరు మంచు మందం చెప్పే పరికరం తీసి చూసింది. ఏనుగును నడిపించినా భయం లేదంటోంది అది.

"దీనికి బద్ధకం" అన్నాడు ఎనోక్. చర్నాకోల తీశాడు.

ఎస్తేరు ఆయన చెయ్యి పట్టుకుంది. "వద్దు. దిగండి."

"మంచు బాగానే ఉంది కదా."

"బాగున్నా సరే. ముందుకెళ్ళి చూడకూడదు. చర్నాకోల ఎత్తకూడదు. బండి వెనక కూర్చోవాలి, అది లేచేదాకా."

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే చెప్పారు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆ మాట తాను ఎప్పుడన్నాడో లోపలంతా వెతుక్కున్నట్టున్నాడు. దొరకలేదు. అయినా చర్నాకోల బండిలో పడేసి దిగాడు. ఎస్తేరు పరికరం కట్టేసి జేబులో పెట్టుకుంది. ఇన్నేళ్ళ చదువూ ముందుకెళ్ళమంటోంది, వీధికుక్క కడుపున పుట్టిన కుక్క వద్దంటోంది. ఆమెకు చాలా భయం వేసింది. మంచు గురించి కాదు. ఊరికే ఆగిందేమో, తాను ఆ ముసలాయన దగ్గర ఊరికే తీసుకున్నదేమో అని భయం.

ఇద్దరూ బండి వెనక కూర్చున్నారు. ఏదో ఒకటి పాడాలి కాబట్టి ఆమె గుంటూరు గుడిలో పాడే పాట తెలుగులో అందుకుంది. రాగం పట్టుకుని ఆయన తన భాషలో కలిపాడు. పాడుతుండగా మిరప పగ్గం ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చింది. ఎనోక్ చుట్టూ ఒకసారి తిరిగి ఆయన ఎడమవైపు, గాలికి అడ్డంగా పడుకుంది. ఆయనను ఆనుకుని మాత్రం పడుకోలేదు. ఆయనకూ తనకూ మధ్య కాస్త ఖాళీ వదిలింది.

చలికి తట్టుకోలేక ఎస్తేరు ఆ ఖాళీలోకి జరగబోయింది. మిరప పళ్ళు చూపించి గుర్రుమంది. పుట్టినప్పటి నుంచీ చంకనేసుకుని పెంచిన మనిషి మీద అది ఎన్నడూ అలా చేయలేదు. ఎస్తేరు వెనక్కి తగ్గి, ఆ ఖాళీ వంక మళ్ళీ చూసింది. ఒక చిన్నపిల్లవాడు ముడుచుకుని పడుకుంటే సరిపోయేంత ఉంది. ఆమె పాట ఆగిపోయింది.

గాలి ఒడ్డు వైపు నుంచి తిరిగింది. ఎక్కడో దూరంగా మొదలైన ఉరుము వాళ్ళ కాళ్ళ కింద నుంచి పోయింది. మిరప ఆగిన చోటికి అవతల మంచు ఒక్క గీతగా చీలి, ఆ చీలిక వాళ్ళు చూస్తుండగానే వెడల్పై, నల్లటి నీళ్ళు బయటపడ్డాయి. వాళ్ళు వెళ్ళాల్సిన దారంతా పెద్ద పలకలై సముద్రం వైపు కదిలిపోతోంది. పరికరం అబద్ధం చెప్పలేదు, ఆ నిమిషానికి మంచు గట్టిగానే ఉంది. ఎస్తేరు రెండు చేతులతో ముఖం కప్పుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. జాతి నిలబడింది. కొండ పక్క దారిన చుట్టూ తిరిగి ఇంటికెళ్ళవచ్చు, మిరప పిల్లల్ని కనవచ్చు. ఆమె సంతోషం పట్టలేక ఏడ్చింది.

ఎనోక్ నీళ్ళ వంక చాలాసేపు చూశాడు. "నేనైతే కొట్టి తోలేవాణ్ణి" అన్నాడు. తర్వాత కుక్క వైపు తిరిగాడు. అది ఇంకా లేవలేదు. దానికీ తనకూ మధ్య ఉన్న చోటును చూశాడు.

"ఇక్కడ ఎవరికోసం వదిలింది?"

"పావియా కోసం."

"మా అబ్బాయని చెప్పారే, ఆ పిల్లవాడా?"

"అవునండీ."

ఆయన ఆ ఖాళీ మీదికి వంగి చూశాడు. ఏమైనా గుర్తొస్తుందేమోనని ఎస్తేరు కాచుకుని చూసింది. ఏమీ రాలేదని ఆయన ముఖంలోనే తెలిసిపోయింది. కాసేపటికి తన మోకాళ్ళ మీదున్న జింకతోలు తీసి ఆ ఖాళీ మీద పరిచాడు. అంచు ఎగిరిపోకుండా కిందికి దోపాడు.

"గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు.